కందికి కల్చర్ పట్టిస్తున్నారా? ప్యాకెట్‌ను ఎండలో పెట్టకండి

మిరుగం (మృగశిర కార్తె) దగ్గరపడింది, మహబూబ్‌నగర్ చెల్కల్లో కంది పెట్టేవాళ్లు రైజోబియం కల్చర్ తెచ్చుకునే టైం ఇదే. అయితే అది మందు కాదు, పెరుగు తోడు లాంటిది, లోపల ఉన్నవి ప్రాణమున్న బాక్టీరియా. పోయినేడు నేను ఆ ప్యాకెట్‌ను రెండు రోజులు బండి డిక్కీలోనే ఎండకు వదిలేసి, తర్వాత విత్తనానికి పట్టించాను. చేలో తవ్వి చూస్తే వేరుకు నాలుగు బుడిపెలు కూడా లేవు.

గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఈ బాక్టీరియా కంది వేరులోకి దూరి, బుడిపెలో కాపురం పెట్టి, మొక్క ఇచ్చే చక్కెర తింటూ ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. కిరాయికి ఉన్నట్టే, కాకపోతే కిరాయి నత్రజనిలో కడుతుంది.

ప్యాకెట్ మీద పంట పేరు, గడువు తేదీ చూసి కొనండి, శనగ కల్చర్ కందికి పనిచేయదు. తెగులు మందు పట్టించేదుంటే ముందురోజే కానిచ్చేయండి, కల్చర్ ఎప్పుడూ ఆఖరునే. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం వేసి మరగబెట్టి, పూర్తిగా చల్లారాక (వేడి మీద పోస్తే బాక్టీరియా చస్తుంది) 8–10 కిలోల విత్తనం మీద చల్లి, 200 గ్రాముల ప్యాకెట్ వేసి ప్రతి గింజకూ అంటేలా చేత్తో మెల్లగా కలపండి, గట్టిగా రుద్దితే పొట్టు లేస్తుంది. గోనెపట్టా మీద నీడన ఆరబెట్టి అదే రోజు విత్తేయండి.

తర్వాత యూరియా దంచి కొట్టకండి. నత్రజని ఊరికే దొరుకుతుంటే మొక్క బుడిపెలు కట్టించుకోదు.

నెల దాటాక రెండు మూడు మొక్కలు తవ్వి చూడండి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి, అందుకే పారతో మట్టిగడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో నానబెట్టాలి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టే, తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, ఆకుపచ్చగా ఉంటే దాని పని అయిపోయింది. బుడిపెలు కనబడ్డాయి కదా అని వెంటనే సంబరపడకండి, ఒకసారి వేలితో నెట్టి చూడండి. రైజోబియం బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, తేలిగ్గా ఊడొస్తుంది. ఊడకుండా వేరే ఉబ్బినట్టు ఉంటే అది వేరును పట్టే నులిపురుగు (నెమటోడ్) పని.