దసరాకి సెకండ్ హ్యాండ్ కారా? కార్పెట్ కింద చూడకుండా టోకెన్ ఇవ్వకండి

మా బావమరిది స్నేహితుడొకాయన కిందటి నెలలో రాత్రిపూట, సూర్యాపేట దాటాక హైవే మీద పెళ్ళాంపిల్లలతో ఆగిపోయాడు. బండి మంచి స్పీడులో ఉండగానే మీటరు బోర్డులో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి, ఇంజన్ ఆగింది, స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనకాల వస్తున్న లారీ డ్రైవరు చూసుకుని పక్కకి కోశాడు కాబట్టి సరిపోయింది. షెడ్డులో డాష్‌బోర్డు విప్పితే వైరింగ్ సాకెట్లలో పచ్చటి చిలుము, దాని మీద ఎండిపోయిన సన్నటి ఒండ్రు. ఆ కారు కొని ఏడాది కూడా కాలేదు. "సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి, ఎంత జాగ్రత్తగా వాడారో చూడండి" అని చెప్పి అమ్మారు. ఆ డాక్టరు గారెవరో గాని, బండి మాత్రం ఎక్కడో వరదలో మునిగి లేచింది.

ఆషాఢంలో మనవాళ్ళు బండి జోలికి పోరు. శ్రావణం వచ్చిందంటే దీపావళి దాకా పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల దగ్గర నిలబడడానికి చోటుండదు. సరిగ్గా ఆ నెలల్లోనే మనకి వరదలు కూడా. 2020 అక్టోబరులో హైదరాబాదులో టోలీచౌకీ వైపు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల్లో కార్లు రోజుల తరబడి నీళ్ళలోనే నానాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగింది. 2025 ఆగస్టులో కామారెడ్డి, అక్టోబరు చివర్లో మొంథా తుపానుకి వరంగల్, హనుమకొండ. మునిగిన బండ్లన్నీ తుక్కుకి పోయాయని అనుకుంటున్నారా? రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కింద లెక్క కట్టి యజమానికి డబ్బు ఇచ్చేస్తారు. మిగిలిన బండిని వేలంలో ఎక్కువ పాడినవాడికి అమ్ముతారు. కొన్నవాడు దాన్ని కడిగి, ఆరబెట్టి, కొత్త సీట్ కవర్లు తొడిగి నాలుగు జిల్లాల అవతల అమ్మకానికి పెడతాడు. మన ఆర్‌సీ మీద "ఇది మునిగిన బండి" అని ఎక్కడా ముద్ర పడదు.

నాకు తెలిసిన మెకానిక్‌తో కలిసి చాలామందికి తోడుగా బండ్లు చూడడానికి వెళ్తుంటాను. కారు కొని ఏడ్చినవాళ్ళని చూశాను. మోడల్ నచ్చకో, మైలేజీ రాకో బాధపడేవాళ్ళు నాలుగు రోజుల్లో సర్దుకుంటారు. కోలుకోలేనంతగా దెబ్బతిన్నవాళ్ళలో దాదాపు అందరూ చేసింది ఒకటే. పూర్తిగా చూడకముందే టోకెన్ ఇచ్చేశారు.

టోకెన్ అంటే బేరం ఖాయమని ముందుగా చేతిలో పెట్టే అడ్వాన్సు, ఐదు వేలో పది వేలో. "నిన్న రాత్రే కరీంనగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు సార్, పొద్దున్నే వస్తానన్నాడు, మీరు తెలిసినవారు కాబట్టి ఆపాను" అంటాడు అమ్మేవాడు. ఫోన్‌పే కొట్టేస్తాం. ఆ క్షణం నుంచి మన కళ్ళు మారిపోతాయి. సీటు కింద తుప్పు కనిపిస్తే "పాత బండి కదా, ఆమాత్రం ఉంటుంది" అని మనమే అమ్మేవాడి తరఫున వాదిస్తాం. మెకానిక్ వద్దంటే మెకానిక్‌నే మారుస్తాం. అప్పటికే ఇంట్లో చెప్పేశాం, అత్తగారికి ఫోటో పంపేశాం, పూజకి ముహూర్తం కూడా అడిగేశాం. తాంబూలాలు పుచ్చుకున్నాక పెళ్ళికొడుకు ఉద్యోగం గురించి ఆరా తీసినట్టు ఉంటుంది వ్యవహారం. పది వేలు పోతాయన్న బాధతో ఆరు లక్షలు పోగొట్టుకుంటారు. కాబట్టి టోకెన్ ఇవ్వకండి. కింద రాసినవన్నీ అయ్యేదాకా రూపాయి కూడా ఇవ్వకండి.

టైర్లు చూసుకోండి, రంగు చూసుకోండి లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. మిగతావి రాస్తాను.

బండి దగ్గరికి వెళ్ళకముందు కాగితాలు

బండి నంబరు అడిగి తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఎన్నో యజమాని, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అన్నవి అక్కడే తెలుస్తాయి. "సింగిల్ ఓనర్" అన్న బండికి అక్కడ 3 కనిపిస్తే ఇంట్లోంచి బయల్దేరే పనే లేదు.

నంబరు ప్లేటు చూసి ఊరు పోల్చుకోవడం ఇప్పుడు కుదరదు. పాత ఏపీ16 అయితే విజయవాడ వైపు బండి అని చిన్నపిల్లాడైనా చెప్పేవాడు. 2019 నుంచి ఆంధ్రాలో ఏ జిల్లా బండికైనా ఒకటే కోడ్, ఏపీ39తో మొదలుపెట్టారు. అందుకని ఆర్‌సీలో అడ్రసు, రిజిస్టర్ చేసిన ఆఫీసు చూడండి. ఇన్సూరెన్స్ పాలసీలో ఉన్న అడ్రసు కూడా చూడండి. విజయవాడ బండి అనగానే మునిగిందని కాదు, కాని 2024 సెప్టెంబరు వరదప్పుడు బండి ఏ పేటలో ఉందో అడగడం మన హక్కు.

ఇన్సూరెన్స్ కాగితం ఈ ఏడాదిది ఒక్కటే చూసి ఊరుకోవద్దు. కిందటి రెండు మూడేళ్ళవి కూడా అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, తర్వాత 25, 35, 45, చివరికి 50. ఒక ఏడాది 45 ఉన్నది మరుసటి ఏడాది సున్నా అయిందంటే మధ్యలో ఏదో జరిగింది. యజమాని మారినా బోనస్ సున్నా అవుతుంది, పాలసీ అయిపోయి 90 రోజులు దాటినా పోతుంది. అందుకని పేరూ, తేదీలూ కలిపి చూసుకోండి. పేరు అదే ఉండి, గ్యాప్ లేకుండా ఉండి, బోనస్ మాత్రం పడిపోతే క్లెయిమ్ దేనికో అడగండి. "చిన్న గీత సార్" అంటాడు. క్లెయిమ్ నంబరుతో, మొత్తంతో సహా కాగితం చూపించమనండి. చూపించనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. టోకెన్ ఇవ్వలేదు కాబట్టి రావడం సులువు.

కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి చరిత్ర ఉంటుంది. యజమానిని వెంటబెట్టుకుని వెళ్ళి తీయించండి. అందులో కిలోమీటర్లు తేదీలవారీగా ఉంటాయి. 2022లో 71 వేలు తిరిగిన బండి ఇప్పుడు 48 వేలు చూపిస్తే అర్థం మీకే తెలుసు.

బండి దగ్గర, పగటిపూట

సాయంత్రం లైట్ల కింద చూడకండి. కడిగి ఉంచొద్దని ముందే చెప్పండి.

మొదట సీటు బెల్టు. సగం లాగి వదిలేయకుండా, చివరిదాకా, ఇక రానంటుందే అక్కడిదాకా లాగండి. బయటికి కనిపించే సగాన్ని సబ్బుతో కడుగుతారు, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరని ఎవరూ కడగరు. అక్కడ నేత మధ్యలో మట్టిరంగు చార కనిపిస్తే నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఆ చారే చెబుతుంది. బెల్టులు కొత్తవిగా మెరుస్తుంటే అడుగున ఉండే లేబుల్ చూడండి, చాలా బండ్లలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. 2019 కారుకి 2024 చివర్లో తయారైన బెల్టులు ఎందుకొచ్చాయి?

తర్వాత కార్పెట్. పైన పరిచే మ్యాట్ సంగతి కాదు, దాని కింద కంపెనీ బిగించిన కార్పెట్. డోరు దగ్గర ప్లాస్టిక్ పట్టీ వేళ్ళతో పైకి లాగితే ఊడొస్తుంది. కార్పెట్ లేపి కింద ఉన్న మెత్తటి ఫోమ్‌ని గట్టిగా నొక్కండి, చెయ్యి వాసన చూడండి. నెలలు గడిచినా ఆ ఫోమ్‌లో చెమ్మా, బురద వాసనా పోవు. అమ్మేవాడు "అదంతా ఎందుకు సార్ విప్పడం, క్లిప్పులు విరుగుతాయి" అంటాడు. విరిగిన క్లిప్పుకి డబ్బులిస్తానని చెప్పి విప్పండి. కార్పెట్ లేపనివ్వని బండి కొనకండి. కార్పెట్ లేపకముందు టోకెన్ ఇవ్వకండి.

సీటు ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలు, వాటి బోల్టులు చూడండి. కారు పైనంతా మెరుస్తూ అక్కడ మాత్రం ఎర్రటి తుప్పుంటే నీళ్ళు చేరాయని అనుమానించండి. డిక్కీలో స్టెప్నీ తీసి, అది కూర్చునే గుంటలో వేలు పెట్టి రుద్దండి, ఒండ్రు అంటుతుందేమో. హెడ్‌లైట్ లోపల అడ్డంగా సన్నటి నీటి గీత ఉందేమో చూడండి.

ఎందుకింత వెతకడం అంటే, మునిగిన బండిలో ఇంజన్ పెద్ద సమస్య కాదు. ఇంజన్ విప్పి బాగుచేస్తారు, బాగానే స్టార్టవుతుంది. చెడేది వైరింగ్. సాకెట్లలో చేరిన తడి వెంటనే ఏమీ చేయదు, రాగి మెల్లగా చిలుము పట్టి నెలలు గడిచాక మొరాయిస్తుంది. ఈలోగా అమ్మినవాడు ఫోన్ నంబరు మార్చేసి ఉంటాడు. పైగా చాలా కార్లలో ఎయిర్‌బ్యాగుల్ని నడిపే పెట్టె గేర్ రాడ్ కింద నేలకి ఆనుకునే ఉంటుంది. మోకాలు లోతు నీళ్ళు లోపలికొచ్చినా ముందు మునిగేది అదే. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించండి, ఎవరో ఆ బల్బు తీసేసి ఉండొచ్చు. ఇంకా తెలివైనవాళ్ళు దాని తీగని పక్క లైటుకి కలుపుతారు, రెండూ కలిసే వెలుగుతాయి, కలిసే ఆరతాయి. అందుకే బండి కంప్యూటర్లో దాగిన లోపాలు చదివే స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్ళమనేది.

బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లారేదాకా టీ తాగి రండి, అప్పుడు మీరే సెల్ఫ్ కొట్టండి.

ఇక వరుసగా

పెర్ఫ్యూమ్ ఘాటుగా కొడుతుంటే అద్దాలన్నీ ఎత్తి, ఏసీ వేసి, పది నిమిషాలు లోపల కూర్చోండి. పెర్ఫ్యూమ్ వెనకాల ఏముందో ముక్కుకి తెలుస్తుంది.

అద్దాల మీద తయారీ గుర్తులు పోల్చండి. ఒకటి తేడాగా ఉంటే ఆ వైపు దెబ్బ తగిలి ఉండొచ్చు.

టైరు మీద నాలుగంకెలు: 3221 అంటే 2021లో 32వ వారం. కిలోమీటర్ల కథకి అది సరిపోవాలి.

ఢిల్లీ బండి చవకగా వస్తుందంటే ఎందుకు చవకో ఆలోచించండి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద కోర్టులు ఆంక్షలు పెట్టాయి, 2025లో కొంత సడలించాయి. అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకుంటే చవక ఎంత మిగులుతుందో చూడండి.

రోజుకి ఐదారు కిలోమీటర్లు సిటీలోనే తిరిగేవాళ్ళు బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ కొనకండి. పొగ ఫిల్టర్ తనని తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే హైవే మీద నిలకడగా పరిగెత్తాలి. ట్రాఫిక్‌లో అది మూసుకుపోతుంది. కొన్నాక కంపెనీని తిట్టి లాభం లేదు.

షెవర్లే 2017తో, ఫోర్డ్ 2021తో, డాట్సన్ 2022తో ఇక్కడ అమ్మకాలు ఆపేశాయి. బండి నచ్చినా ముందు బంపరు, హెడ్‌లైట్ ధర, దొరికే చోటు కనుక్కుని తర్వాత మాట్లాడండి.

పెండింగ్ చలాన్లు చూడండి. తెలంగాణవి ఇక్కడి పోలీసుల సైట్‌లో వేరేగా ఉంటాయి.

ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికొచ్చేదాకా డబ్బు లేదు. "బ్యాంకులో ఉంది, వారంలో వస్తుంది" అంటే వారం తర్వాతే రండి.

ఓపెన్ ట్రాన్స్‌ఫర్ వద్దు. పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29, 30 మీద ఎవరిదో సంతకం తీసుకుని బండి తెచ్చుకోవద్దు. మధ్యలో ముగ్గురు చేతులు మారి ఉంటారు, రేపు సంతకం సరిపోకపోతే అసలు యజమాని ఎక్కడ?

మీ పాత కారు అమ్ముతున్నా ఇదే మాట. ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని, యాక్సిడెంటు నష్టపరిహారం అతని నెత్తినే పడుతుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది.

కన్సల్టెన్సీ దగ్గర కొంటే వాళ్ళకి ఆర్టీఏ గుర్తింపు ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన ఉంది. మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

"వరదలో మునగలేదు, మునిగిందని తేలితే బండి వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిస్తాం" అని రాసి సంతకం పెట్టమనండి. ఈ ఒక్క మాటకే సగం మంది బేరం మానేస్తారు. మానేయనివ్వండి.

క్యాష్ వద్దు. బ్యాంకు ద్వారానే, ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాకే.

కారు ఫోటోలు చూసి, వీడియో కాల్‌లో చూసి టోకెన్ ఇవ్వకండి. అమెరికాలో కూర్చుని ఊళ్ళో నాన్నగారికి కారు కొనిచ్చే అబ్బాయిలూ, ముఖ్యంగా మీకే చెబుతున్నాను. రేటు తగ్గించాడని ఇవ్వకండి. బంధువే కదా అని ఇవ్వకండి. రేపు మంచి రోజని ఇవ్వకండి. ఎల్లుండి ఇంకో మంచి రోజుంటుంది, పంతులుగారిని అడగండి.

పేరు మార్పిడికి దరఖాస్తు మీరే వెళ్ళి పెట్టండి, బ్రోకరుకి వదలకండి. 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకి మార్పించండి, లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ రాదు. చివరి పాతిక వేలు అట్టిపెట్టుకుని, ఆర్‌సీ మీ పేరు మీద యాప్‌లో కనిపించిన రోజునే ఇవ్వండి.