మూడో నెలలో పొట్ట పైన నొప్పి వస్తే గ్యాస్ అని వదిలేయకండి

పోయిన నెల మా గుత్తి దగ్గర, మూడో నెల నడుస్తున్న ఒకమ్మాయికి పొట్ట పైభాగంలో నొప్పి పట్టుకుంది. పొద్దున ఉగ్గాని బజ్జి తినింది, పడలేదంతే అన్నారు ఇంట్లో. వేవిళ్ళన్నారు, మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలు తెచ్చిచ్చారు. రెండు రోజులు అట్లనే గడిపి, స్పృహ తప్పాక ఐసీయూకి చేర్చారు. తల్లి దక్కింది, కడుపు నిలవలేదు.

వేవిళ్ళలో వికారం ఉంటుంది, వాంతులుంటాయి. రొమ్ము కింద మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి మాత్రం ఉండదు. అది ఉందంటే క్లోమం, అంటే పొట్ట వెనక జీర్ణరసాలు ఊరే గ్రంథి, వాచి ఉండొచ్చు, డాక్టర్లు ప్యాంక్రియాటైటిస్ అంటారు. వెల్లకిలా పడుకోలేక, ముందుకు వంగి, మోకాళ్ళు పొట్టకు ఆనించి కూర్చున్న పిల్లను చూసి దయచేసి గ్యాస్ అనకండి.

ఎక్కువమందిలో కారణం గాల్‌బ్లాడర్‌లో, అంటే పిత్తం నిలవుండే తిత్తిలో రాళ్ళు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల పిత్తం చిక్కబడుతుంది, తిత్తి సరిగా ఖాళీ కాదు, రాయి జారి క్లోమరసం బయటికొచ్చే నాళానికి అడ్డం పడుతుంది. కొందరిలో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 1000 (mg/dL) దాటి ఈ జబ్బు వస్తుంది. ఇదివరకే రాళ్ళున్నా, షుగరున్నా, కొవ్వు ఎక్కువని చెప్పి ఉన్నా మొదటి చెకప్‌లోనే డాక్టరమ్మకు చెప్పండి.

ముదిరితే తల్లి బీపీ పడిపోతుంది, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తల్లికే రక్తం సరిగా ఆడకపోతే బిడ్డకెక్కడ అందుతుంది? మొదటి మూడు నెలల్లో అయితే అబార్షన్ భయం, తర్వాత నెలల్లో అయితే ముందుగానే కాన్పు. వెంటనే సెలైన్ పెట్టి చూసుకుంటే మాత్రం చాలామంది తల్లీబిడ్డా గట్టెక్కుతారు. అందుకే మళ్ళీ చెబుతున్నా, గ్యాస్ అని ఇంట్లో కూర్చోబెట్టొద్దు.

నొప్పి వీపుకు పాకిందా, బయల్దేరండి. రాత్రయితే 108కి చేయండి. ఊళ్ళో నొప్పి సూది వేయించొద్దు, నొప్పి అణిగి జబ్బు లోపల ముదురుతుంది, పైగా కొన్ని సూదులు కడుపుతో ఉన్నవాళ్ళకు పనికిరావు. పసర్లు వద్దు. నెల తప్పిన సంగతి ఆసుపత్రిలో ముందే చెప్పండి. క్లోమం వాపును పట్టిచ్చే లైపేజ్ రక్తపరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్ చేస్తారా అని మీరే అడగండి, అల్ట్రాసౌండ్‌తో బిడ్డకు చేటు లేదు. కళ్ళు పచ్చబడినా, జ్వరమొచ్చినా, ఒంటేలు తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు. డాక్టరు తినొద్దన్నప్పుడు చాటుగా తినిపించొద్దు. రాళ్ళ వల్లే వచ్చిందంటే గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఎప్పుడో తేల్చుకోకుండా డిశ్చార్జి తీసుకోవద్దు, అది అట్లనే ఉంటే కాన్పులోపే మళ్ళీ రావచ్చు. నాలుగు నుంచి ఆరో నెల మధ్య చిన్న రంధ్రాలతో చేసే వీలుంటుంది, కాన్పయ్యాక చూద్దాంలే అని మీ అంతట మీరే వాయిదా వేయొద్దు.