చర్మానికి కాటరీ – 3వ పాఠం: చెయ్యి ఎక్కడ ఆగాలి

కిందటి పాఠంలో కాటరీతో, అంటే వేడితో కాల్చి తీసేటప్పుడు, దేన్ని ముట్టుకోకూడదో చూశాం. రంగో అంచో మారుతున్న పుట్టుమచ్చను కాల్చేస్తే బయాప్సీకి పంపడానికి ఏమీ మిగలదు. ఇవాళ డీపీఎన్, అంటే నడివయసువాళ్ల బుగ్గల మీద, కణతల దగ్గర ఆవగింజల్లా లేచే నల్లటి బుడిపెలు. హౌస్‌సర్జన్లు, కొత్త పీజీలు సీనియర్‌ను పక్కన పెట్టుకునే మొదలుపెట్టాలి.

ముందు పేరు సంగతి. అసలు ఎలక్ట్రోకాటరీలో కాలేది తీగ. కరెంటు రోగి ఒంట్లోకి పోదు. మనం కాటరీ అని పిలిచే ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) మిషన్‌లో మాత్రం కరెంటు చర్మంలోకి దిగుతుంది, వేడి అక్కడే పుడుతుంది. అందుకే పేస్‌మేకర్ ఉందా అని ప్రతి ఒక్కరినీ అడగండి.

లిడోకైన్, ప్రిలోకైన్ 2.5 శాతం చొప్పున ఉన్న క్రీము మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి గంట ఆగండి. అరగంటకే తుడిచేస్తే రోగి ఉలిక్కిపడతాడు, మీ సూది పక్కకు పోతుంది. స్పిరిట్ వాడకండి, నిప్పురవ్వకు అంటుకుంటుంది. బెటాడిన్‌తో తుడిచి, ఆరాక సెలైన్‌తో కడిగితే బుడిపె అంచు మళ్లీ కనబడుతుంది.

పవర్ అట్టడుగు నుంచి మొదలుపెట్టండి. చిటికెనవేలు రోగి చెంపకు ఆన్చి, సూది కొనను బుడిపెకు తాకించి, పెడల్ నొక్కి వెంటనే వదలండి. చిన్న చిటపట వినిపిస్తుంది, బుడిపె బూడిద రంగుకు తిరుగుతుంది. అక్కడ ఆగాలి. తడి గాజ్ గుడ్డతో తుడిస్తే చాలావరకు ఊడి వస్తుంది. సన్నటి రక్తపు చుక్కలు లేచాయంటే డెర్మిస్‌ దాకా, అంటే చర్మం లోపలి పొర దాకా వెళ్లిపోయారని. డీపీఎన్ ఉండేది పై పొరలోనే. దాని కోసం అంత లోతుకు పోనక్కర్లేదు.

నేను నేర్చుకునే రోజుల్లో ఒకావిడకు ఒకేసారి శుభ్రంగా పోవాలని పవర్ పెంచాను. బుడిపెలు పోయాయి. చామనఛాయ బుగ్గ మీద తెల్లటి చుక్కలు మిగిలాయి, నెలలు గడిచినా కలవలేదు. ఆవిడ ఏమీ అనలేదు గానీ, వచ్చినప్పుడల్లా పైట చెంగు చెంపకు అడ్డం పెట్టుకునేది. అప్పటినుంచి ముఖమంతా ఒక్కరోజే చేయను. చెవి దగ్గర రెండు తీసి, నెల తర్వాత ఆ చోటు చూశాకే మిగతావి.

పెచ్చు గిల్లొద్దని, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాయమని చెప్పి పంపండి.

ఈ వారం అభ్యాసం: స్కిన్‌తో ఉన్న కోడిముక్క తెచ్చుకుని 50 సార్లు తాకించండి. పైతోలు రంగు మారాలి, కింద మాంసం మారకూడదు. వచ్చే పాఠం పులిపిర్లు. వాటి పొగలో వైరస్ ఉండొచ్చు కాబట్టి ఎన్95 మాస్కు, పొగ లాగే గొట్టం సిద్ధం చేసుకోండి.