అన్నం మానక్కర్లేదు, గరిటె మారిస్తే చాలు: రోజూ భోజనంలో వచ్చే తంటాలు, వాటికి రిపేర్లు

మా ఇంట్లో ఇప్పటికి నాలుగు డైట్లు నడిచాయి. ఒకసారి అన్నం పూర్తిగా బంద్. ఒకసారి రాత్రిపూట పుల్కాలు మాత్రమే. ఇంకోసారి మూడు పూటలా కొర్రలు. మరోసారి ఎవరో చెప్పారని పరగడుపునే గ్లాసుడు సొరకాయ రసం. అది మూడో రోజుకే ఆగింది, ఆగడమే మంచిదైంది. (సొరకాయ చేదుగా ఉంటే ఆ రసం ప్రమాదం కూడా. ఎవరైనా తాగుతుంటే ముందు చిన్న ముక్క కొరికి చూడండి.) అన్నీ సోమవారం మొదలయ్యేవి, ఏదో ఒక పెళ్లి దగ్గరో పండగ దగ్గరో తెగిపోయేవి. ఆ తర్వాత కొన్నాళ్లు తిన్న ప్రతి ముద్దకీ మనసులో లెక్క.

ఇప్పుడు డైట్ లేదు. ఎక్కడ ఇబ్బంది ఉందో అక్కడ మాత్రం చూసుకుంటున్నాం. మాకు ఎదురైనవి, వాటి వెనకున్న కారణాలు, చేసిన మార్పులు కింద రాస్తున్నాను. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే ఇవి మొదలుపెట్టండి. అన్నం తగ్గితే మందు డోసు కూడా మార్చాల్సి రావచ్చు.

సమస్య: మధ్యాహ్నం తినగానే కళ్లు మూతలు పడుతున్నాయి, నడుం వాల్చకపోతే పని జరగట్లేదు

మధ్యాహ్నం రెండు దాటాక ఒంటికి సహజంగానే కాస్త మగతగా ఉంటుంది. భోజనం భారీగా ఉంటే అది రెట్టింపవుతుంది. మన భోజనం ఎందుకు భారీ అవుతుందో నాకు ఒక ఆదివారం తెలిసింది. పిండి కొలిచే చిన్న కాటా పక్కన పెట్టుకుని, వడ్డించుకున్న ప్రతిసారీ అన్నం తూచాను. పప్పులోకి 150 గ్రాములు. వంకాయ కూరలోకి 100. గోంగూర పచ్చడిలోకి, నెయ్యి వేసుకున్నాను కదా, ఇంకో 80. చారులోకి 90. పెరుగులోకి 100. మొత్తం 520 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు వేసుకుంటే, అన్నం ఒక్కటే 676 కేలరీలు. కంచంలో ఎప్పుడు చూసినా కొంచెమే ఉంది. కానీ ఐదుసార్లు కొంచెం.

మన భోజనం తీరే అది. పప్పుకి అన్నం, కూరకి అన్నం, పచ్చడికి అన్నం, చారుకి అన్నం, చివర్లో పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. ప్రతి వంటకం అన్నాన్ని పిలుస్తుంది. పైగా కూరని అన్నంలో కలిపే సరుకులా చూస్తాం తప్ప, కూరగా తినం. నలుగురున్న ఇంట్లో పావుకిలో బెండకాయ వేపుడు చేసి అందరికీ సరిపోయిందనుకుంటాం.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు అని ఉంది. పప్పులు 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పళ్లు 100. మా ఇంట్లో నలుగురికి చిన్న గ్లాసు కందిపప్పు పోసేవాళ్లం. మనిషికి 30 గ్రాములు వచ్చి ఉంటే గొప్ప. బియ్యం లెక్కేమో మధ్యాహ్నానికే ముప్పాతిక అయిపోయేది.

మేం చేసిన మార్పులు ఇవి. అన్నం హస్తం తీసేసి, చట్నీ వేసే చిన్న గరిటె పెట్టాం. పిలుపులు ఐదే, గరిటె చిన్నది. కూర రెట్టింపు చేశాం. అర కిలో తరిగేది కిలో తరుగుతున్నాం, తరగడం ఇంట్లో అందరి పని. కూర్చోగానే నాలుగు చెంచాల కూర, కాస్త ముద్దపప్పు అన్నం లేకుండానే తింటాం. ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం మొదలుపెడితే రక్తంలో షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది, అన్నం కూడా తక్కువ పడుతుంది. చారు గ్లాసులో పోసుకుని తాగేస్తాం. పెరుగన్నం మాత్రం ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు, అది ఉంటుంది. తిన్నాక పది నిమిషాలు ఇంటి ముందు అటూ ఇటూ నడక.

మొదటి వారం మా అత్తయ్యకి ఇది అస్సలు నచ్చలేదు. "కూర ఉత్తదే తింటారా ఎవరైనా, ఉప్పగా ఉండదూ?" అంది. నిజమే. అన్నంలో కలపడానికి చేసిన కూరలో ఉప్పూ కారమూ ఎక్కువే వేస్తాం. అవి తగ్గించాకే ఉత్త కూర నోటికి పట్టింది. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

సమస్య: నేను తినేది తక్కువే, అయినా బరువు పెరుగుతున్నాను

ఇది ఎక్కువగా వండేవాళ్ల సమస్య. కంచంలో తిన్నది తక్కువే. గిన్నె అడుగున మిగిలిన నాలుగు ముద్దలు, పిల్లాడు వదిలేసిన సగం దోశ, "రేపటికి పనికిరాదు" అని పూర్తి చేసిన పులిహోర, ఉప్పు చూడటానికి వేసుకున్న రెండు వడలు, ఇవేవీ మన లెక్కలో ఉండవు. అన్నం పారేయకూడదని పెరిగిన వాళ్లం, చేయి ఒప్పుకోదు.

బియ్యం అరగ్లాసు తగ్గించి పోయడమే దీనికి విరుగుడు. చాలకపోతే? చాలకపోయిన రోజు మా ఇంట్లో అటుకులు తడిపి పెరుగులో కలిపాం. ఏడాదిలో అలాంటి రోజులు నాలుగైదు వచ్చాయేమో.

సమస్య: సాయంత్రం ఐదయ్యేసరికి బజ్జీల బండి దగ్గర కాళ్లు ఆగిపోతున్నాయి

తప్పు ఐదు గంటలది కాదు. పొద్దున ఎనిమిదింటికి తిన్న ఉప్మాది. ఉత్త ఉప్మా, ఉత్త ఇడ్లీ, నాలుగు బ్రెడ్ ముక్కలు గబగబా అరిగిపోతాయి. వాటిలో ప్రొటీన్ తక్కువ. మధ్యాహ్నం కూడా పప్పు నీళ్లగా ఉంటే, సాయంత్రానికి ఒళ్లు నూనెలో వేగినదాన్నే అడుగుతుంది.

పెసరట్టు మనకి ఉండనే ఉంది. పిండి పులియబెట్టక్కర్లేదు, రాత్రి పెసలు నానేస్తే చాలు. మినప్పిండి దండిగా ఉన్న దోశ, ఉప్మాతో పాటు ఒక ఉడికించిన గుడ్డు (అందులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది), నీళ్లు ఎక్కువ పోయని పల్లీ చట్నీ, ఏదైనా సరే. సాయంత్రానికి శనగ గుగ్గిళ్లో, ఉడకబెట్టిన వేరుశనగకాయలో డబ్బాలో పెట్టుకోండి. తాలింపు పెట్టి, పచ్చికొబ్బరి, నిమ్మకాయ పిండిన గుగ్గిళ్లు బజ్జీకి ఏమాత్రం తీసిపోవు. సరే, కొంచెం తీసిపోతాయి. అందుకే నెలకి రెండు ఆదివారాలు మా ఇంట్లో బజ్జీలే, వేడివేడిగా, ఉల్లిపాయ ముక్కలు దట్టించి, మనిషికి మూడు. అవి అయిపోయాక మూకుడు పొయ్యి మీద నుంచి దించేస్తాం.

సమస్య: అంతా ఇంటి వంటే, బయట తిండే లేదు, కానీ రిపోర్టులో కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చింది

నూనె ప్యాకెట్ కోసిన రోజున దాని మీద తేదీ రాయండి. పైన చెప్పిన సూచనల ప్రకారం మనిషికి రోజుకి 27 గ్రాములు, అంటే సుమారు రెండు టేబుల్ స్పూన్లు. నలుగురికి నెలకి 3,240 గ్రాములు. లీటర్ ప్యాకెట్లో 910 గ్రాములు ఉంటుంది కాబట్టి నెలకి మూడున్నర ప్యాకెట్లు. మాకు ఆరు అయ్యేవి. కొత్త వంటలేమీ నేర్చుకోలేదు. ప్యాకెట్ నుంచి నేరుగా మూకుట్లో ఒంపడం మానేసి, చెంచాతో పోస్తున్నాం. వంకాయ, దొండకాయ ముందు కాస్త ఆవిరి మీద మగ్గబెట్టి ఆ తర్వాత పోపులో వేస్తే నూనె పీల్చవు. ఇప్పుడు నాలుగు ప్యాకెట్లు. ఆవకాయలో తేలే నూనె ఈ లెక్కలోకి రాదు, దాన్ని విడిగా చూసుకోవాలి.

బీపీ ఉంటే నూనెతో పాటు ఉప్పు చూసుకోండి. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను, అన్ని వంటల్లోనూ కలిపి. పచ్చడి, అప్పడం, చల్ల మిరపకాయ మూడూ ఒకే పూట పడకుండా చూసుకుంటే సగం పని అయినట్టే.

సమస్య: మిల్లెట్లకి మారాక కడుపు ఉబ్బరం, గ్యాస్

పీచు ఒక్కసారిగా పెరిగింది, నీళ్లు పెరగలేదు. పేగులకి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. రోజుకి ఒక్క పూటతో మొదలుపెట్టండి. కొర్రలు, సామలు కనీసం కొన్ని గంటలు నానబెట్టి మెత్తగా వండండి. ఇంకో మాట. కొర్రల్లో కేలరీలు బియ్యం కంటే పెద్దగా తక్కువేమీ కాదు. మిల్లెట్ కదా అని కంచం నిండా పెట్టుకుంటే బరువు తగ్గదు. మా నాన్న జొన్నరొట్టె ఇష్టంగా తింటారు, మంచిది. నాకు అన్నమే ఇష్టం. ఇష్టం లేని గింజని నెలల తరబడి ఎవరూ తినరు.

సమస్య: ఆకుకూరలు తింటున్నా నీరసం, మెట్లెక్కితే ఆయాసం

భోజనం అవ్వగానే టీ తాగే అలవాటు ఉందా? టీ, కాఫీల్లోని టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వాటిని ఆపమని పోషకాహార సంస్థ కూడా చెప్తోంది. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండండి, లేదా పక్కన ఒక జామకాయ ముక్క పెట్టుకోండి. విటమిన్ సి ఉంటే ఆకుల్లోని ఐరన్ బాగా పడుతుంది. ఇవన్నీ చేస్తూనే రక్త పరీక్ష చేయించండి. గర్భిణులు కాని ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. అప్పుడు తోటకూర ఒక్కటే సరిపోదు, డాక్టర్ రాసిన మాత్రలు వేసుకోవాలి. టీ తాగి ఆ మాత్ర వేసుకోకండి.

సమస్య: ఇష్టమైంది తిన్న ప్రతిసారీ తప్పు చేసినట్టు ఉంటోంది

మూడేళ్ల కిందట గుంటూరు వైపు ఒక పెళ్లికి వెళ్లాను. నాలుగో డైట్ నడుస్తున్న రోజులు. బంతిలో మా పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. బొబ్బట్లు వచ్చాయి, పైన నెయ్యి ఇంకా మరుగుతున్నట్టే ఉంది.

"వేయించుకోవే, ఇంత సన్నగా ఎక్కడ చేస్తున్నారీ రోజుల్లో."

"వద్దు పెద్దమ్మా, డైటింగ్."

"డైటింగూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పెళ్లికొచ్చి నోరు కట్టుకుంటారా?"

అయినా వేయించుకోలేదు. అందరూ నా పట్టుదల మెచ్చుకున్నారు. రాత్రి పదకొండుకి ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా, వంటగదిలో నిలబడి సగం ప్యాకెట్ మిక్చర్ తిన్నాను. దాని రుచి కూడా గుర్తులేదు. మర్నాడు పొద్దున "ఎలాగూ చెడింది, సోమవారం నుంచి చూద్దాం" అనుకున్నాను. అది గురువారం. శుక్ర, శని, ఆదివారాల్లో తిన్నది చెప్పను.

కారణం ఆ నిషేధమే. వద్దనుకున్న వస్తువు మీదే మనసు కూర్చుంటుంది, పట్టు ఎప్పుడో జారుతుంది, జారగానే సిగ్గు, ఆ సిగ్గులో ఇంకాస్త తిండి. 'చీట్ మీల్' అనే మాటే నాకు గిట్టదు. బొబ్బట్టు తింటే ఎవరిని మోసం చేసినట్టు?

ఇప్పుడు విస్తరి ముందు కూర్చోగానే ఒకసారి మొత్తం చూస్తాను. ఇరవై రకాలుంటే అందులో నాకు నిజంగా ఇష్టమైనవి నాలుగో ఐదో. అవి తృప్తిగా తింటాను. రోజూ దొరికే జీరా రైస్, ఎక్కడైనా ఒకేలా ఉండే గోబీ మంచూరియా వేయించుకోను. బొబ్బట్టు వేడిగా ఉన్నప్పుడే తింటాను, మాట్లాడకుండా. రాత్రికి ఆకలిగా ఉంటే మజ్జిగ, లేకపోతే అదీ లేదు. మర్నాడు మామూలు టిఫిన్, మామూలు టైముకే. ఉపవాసం ఉండి సరిచేయడం, రెండు గంటలు వాకింగ్ చేసి శిక్ష వేసుకోవడం లాంటివి లేవు. ఆత్రేయపురం నుంచి ఎవరైనా పూతరేకులు తెస్తే డబ్బా దగ్గర పెట్టుకోకుండా, ప్లేట్లో ఒకటి పెట్టుకుని డబ్బా మూసి వచ్చి కూర్చుంటాను.

పిల్లల ముందు "అది తింటే లావైపోతావ్" అనడం మానేశాం. తిన్నది బలవంతంగా వాంతి చేసుకోవడం, రోజుల తరబడి తిండి మానేయడం దాకా వెళ్తే అది గరిటెతో తేలే వ్యవహారం కాదు, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

సమస్య: ఇవన్నీ మూడు నెలలు చేశాను, ఏమీ మారలేదు

కారణం కంచంలో లేదేమో. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డి చూపించుకోండి. రాత్రి ఐదు గంటలే నిద్రపోతుంటే మర్నాడు ఆకలి ఎక్కువే ఉంటుంది, దానికి ఏ పెసరట్టూ చాలదు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక వారం తిన్నవన్నీ టైముతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసి తీసుకెళ్లండి. మందులు రాయడానికి ముందు నా డాక్టర్ చదివింది ఆ కాగితమే. గిన్నె అడుగున మిగిలింది కూడా రాయండి. రాత్రి పదకొండింటి మిక్చర్ కూడా.