జీఆర్ఈ ఎస్సేలో 3 వచ్చిందా? మళ్లీ ఫీజు కట్టే ముందు ఇది చూడండి

ఎంబీఏ కోసం జీఆర్ఈ (విదేశీ పీజీ అడ్మిషన్లకి రాసే పరీక్ష) రాసి, క్వాంట్ (లెక్కలు), వెర్బల్ (ఇంగ్లిష్) బాగానే వచ్చి, రైటింగ్‌లో 3 చూసి కంగారుపడేవాళ్లకి చెప్తున్నా, అది 0 నుంచి 6 దాకా ఉండే వేరే స్కోరు, క్వాంట్, వెర్బల్ కలిపి వేసే 340లో కలవదు. ఎంబీఏకే రాసే ఇంకో పరీక్ష జీమ్యాట్ వాళ్లైతే 2023 నవంబర్లో తెచ్చిన కొత్త ఎడిషన్లో ఎస్సేనే ఎత్తేశారు. కాబట్టి మిగతావి గట్టిగా ఉంటే 3, 3.5 వల్ల సీటు పోతుందని నేనైతే అనుకోను.

అసలు తంటా ఎక్కడంటే, స్కోరుతో పాటు మీరు టైప్ చేసిన ఎస్సే కూడా కాలేజీకి వెళ్తుంది. అక్కడేమో తడబడే ఇంగ్లిష్, అప్లికేషన్ ఎస్సేల్లో కన్సల్టెన్సీ వాడు రాసిచ్చిన తళతళలాడే ఇంగ్లిష్, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా డౌటొస్తుంది కదా. మీ అప్లికేషన్ ఎస్సేలు మీరే రాసుకోండి, సింపుల్‌గా ఉన్నా పర్లేదు. 3 కంటే తక్కువొచ్చి టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) రైటింగ్ కూడా వీక్‌గా ఉంటే మాత్రం జీఆర్ఈ మళ్లీ రాయడమే నయం. ఈసారి ఎస్సేకిచ్చే 30 నిమిషాల్లో చివరి మూడు నాలుగు నిమిషాలు రాసింది ఓసారి చదువుకోడానికి ఉంచుకోండి, అక్కడ స్పెల్ చెక్ ఉండదు మరి.