ట్రాక్ ‘గుడ్’ అని రాసి ఉంటే నమ్మాలా? రేసు రోజు నేల లెక్కను సరిచూసుకునే పద్ధతి

మా నాన్న చేలో దిగకుండా గట్టు మీదే నిలబడి, కాలి బొటనవేలితో మట్టి నొక్కి చూసి “ఇంకా పదును రాలేదు, రేపు దున్నుదాం” అనేవారు. మాది రాజాం దగ్గర పల్లె. ఒకే వాన పడినా గరువు ఒక పూటలో ఆరిపోతుంది, పల్లం నాలుగు రోజులైనా కాలు దిగబడుతూనే ఉంటుంది. గుర్రప్పందేల టైమింగులు నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాక నాకు అదే గుర్తొచ్చింది, ఎందుకంటే హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సు అయినా చెన్నై గిండీ అయినా అంత పెద్ద చుట్టుకి కలిపి నేల గురించి మనకి అందేది చాలాసార్లు ‘గుడ్’ లాంటి ఒక్క మాట, మహా అయితే ఒక అంకె. ఇది పందెం కాయమని చెప్పే రాత కాదు. టైమింగులు పోల్చి చూసే అలవాటున్నవాళ్ళు ఆ మాటని, ఆ అంకెని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడానికి రాస్తున్నాను.

ముందు ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. మన దేశంలో రేసు క్లబ్బులు ఇచ్చేది ఎక్కువగా పెనెట్రోమీటర్ రీడింగు. సన్నని కడ్డీ మీద ఒక కిలో బరువుని ఒక మీటరు ఎత్తునుంచి మూడుసార్లు వదిలి, కడ్డీ నేలలోకి ఎంత దిగిందో కొలవడం దాని మామూలు పద్ధతి. అంటే అంకె పెరిగితే నేల మెత్తన. బ్రిటన్‌లో వాడే గోయింగ్‌స్టిక్ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. దాన్ని నేలలోకి గుచ్చడానికి ఎంత బలం పట్టింది, తర్వాత పక్కకి లాగడానికి ఎంత పట్టింది అని రెండూ కలిపి చెబుతుంది కాబట్టి అక్కడ అంకె పెరిగితే నేల గట్టి. ఆస్ట్రేలియాలో 1 నుంచి 10 దాకా స్కేలు, 1 గట్టి, 10 బురద. ఈ మూడింటినీ ఒకే కాలమ్‌లో రాసి సగటు తీసినవాళ్ళని నేను చూశాను, ఆ లెక్క మొత్తం వృథా.

రెండోది, ఎప్పుడు కొలిచారు? పొద్దున్న కొలిచి మొదటి రేసు మధ్యాహ్నం మొదలైతే మధ్యలో ఎండో వానో తన పని చేసేసి ఉంటుంది. పొద్దున్న చూసిన పదుని నమ్మి మధ్యాహ్నం ఎవరైనా అరక కడతారా? రీడింగు పక్కన టైము కూడా రాసుకోండి. టైము ఇవ్వకపోతే ఆ రీడింగుకి సగం విలువే ఇవ్వండి.

వాన లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. వాతావరణ శాఖ ఇచ్చే రోజువారీ వర్షపాతం ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 వరకు. శనివారం మూడు గంటలకి రేసుల మధ్యలో దంచికొట్టిన వాన ఆదివారం తేదీ కింద కనిపిస్తుంది, శనివారం పట్టికలో సున్నా ఉండొచ్చు. ఇది తెలియక నేను ఒక సీజన్ మొత్తం తేదీలు తప్పుగా రాసుకున్నాను, మళ్ళీ మొదటినుంచి సరిచేసుకోవడానికి నెల పట్టింది. ఇంకోటి, బేగంపేటలో పడ్డ వాన మలక్‌పేటలో పడాలని లేదు. విజయనగరంలో కుండపోత, నెల్లిమర్లలో చుక్క లేదు అనే రోజులు మనకి తెలియనివా?

రైలింగు సంగతి మాత్రం కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే నేల మెత్తన అని మనం అనుకునేది చాలాసార్లు నేల కాదు, దూరం. లోపలి వైపు గడ్డి చితికిపోతే దాన్ని కాపాడటానికి ఫాల్స్ రైల్స్ అని తాత్కాలిక రైలింగు బయటికి జరుపుతారు. సగం చుట్టు తిరిగే వంపు మీద ఆ రైలింగు ఒక మీటరు బయటికి జరిగితే గుర్రం దాదాపు 3.14 మీటర్లు ఎక్కువ పరిగెత్తాలి. అయిదు మీటర్లు జరిపితే పదిహేను మీటర్లు దాటుతుంది, రేసు గుర్రం సెకనుకి సుమారు 16 మీటర్లు పోతుంది కాబట్టి అది దగ్గర దగ్గర ఒక సెకను. ఒక సెకనంటే ఆరు లెంగ్తులు, అంటే ఆరు గుర్రాల పొడవు! రేసుల వివరాలిచ్చే కార్డులో మాత్రం అదే 1400 మీటర్లు అని ఉంటుంది. బ్రిటన్‌లో ఎన్ని గజాలు పెరిగిందో ముందే ప్రకటిస్తారు. కొన్ని చోట్ల స్టార్టింగ్ గేటునే ముందుకి జరిపి దూరం సరిచేస్తారు. మన దగ్గర రైలింగు ఎన్ని మీటర్లు జరిపారు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని ఇచ్చిన ప్రతిసారీ అది తప్పకుండా రాసుకోండి, ఇవ్వకపోతే రేసు వీడియోలో వంపు దగ్గర చూడండి, రెండో రైలింగు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. గడియారంతో నేలని కొలవడం.

ఒకే కోర్సులో, ఒకే దూరానికి, ఒకే స్థాయి గుర్రాల పాత రేసులు కనీసం ఇరవై తీసుకుని గెలిచిన టైములు వరసగా పేర్చండి, మధ్యలో ఉన్నది మీ ప్రమాణం. సగటు వద్దు, ఒక్క నత్తనడక రేసు సగటుని పాడుచేస్తుంది. రేసు రోజు ప్రతి రేసు టైముకి, దాని ప్రమాణానికి తేడా తీసి, 200 మీటర్లకి ఎంత పడిందో రాయండి, లేకపోతే 1200ని 2000తో పోల్చలేరు. ఉదాహరణకి ఆరు రేసుల్లో 200 మీటర్లకి తేడాలు 0.20, 0.18, 0.22, 0.60, 0.19, 0.21 సెకన్లు వచ్చాయనుకోండి. ఆ 0.60 నేల వల్ల కాదు, ముందు ఎవరూ స్పీడు పెంచక జాకీలందరూ కళ్ళేలు పట్టుకుని కూర్చున్న రేసు అయ్యుంటుంది. దాన్ని తీసేయండి, మిగతా అయిదూ ఒకే మాట చెబుతున్నాయి: నేల 200 మీటర్లకి ఇంచుమించు 0.2 సెకను నెమ్మదిగా ఉంది. క్లబ్బు ‘గుడ్’ అన్నా సరే, నేను నా పుస్తకంలో నెమ్మది అనే రాస్తాను. తక్కువ దూరం రేసుల్ని ఎక్కువ నమ్మండి, వాటిలో మొదటినుంచీ పూర్తి వేగంతో పోతారు. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం ఇవీ మోసం చేస్తాయి, కాబట్టి గాలి కూడా రాయండి.

తేడా రోజంతా ఒకేలా ఉండకుండా రేసు రేసుకీ పెరుగుతూ పోతే మధ్యలో వాన పడిందనో, లోపలి గడ్డి లేచిపోయిందనో అర్థం. చివరి రేసుల్లో జాకీలు లోపలి రైలింగు వదిలేసి బయటికి వస్తున్నారా చూడండి. గుర్రం కాళ్ళ కింద నేల ఎలా ఉందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అలాంటి రోజుకి ఒకే అంకె పెట్టొద్దు, ముందు సగానికి ఒకటి, వెనక సగానికి ఒకటి పెట్టండి.

పేపర్లో వచ్చే పొద్దుటి ట్రాక్‌వర్క్ (గుర్రాల సాధన) టైములు ఈ లెక్కలో కలపకండి. ఔటర్ శాండ్, ఇన్నర్ శాండ్ అని ఉంటాయి కదా, అది ఇసుక, మీరు కొలుస్తున్నది గడ్డి. అమెరికా టైములూ అంతే, అక్కడ గేటు తెరుచుకున్నాక గుర్రాలు కొంత దూరం పరిగెత్తాకే గడియారం మొదలవుతుంది, ఆ దూరం కూడా రేసుకో రకంగా ఉంటుంది.

మన వైపు పండగలకి ఊళ్ళలో పెట్టే గుర్రాల పరుగుకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. నేలకి గీసిన దూరాన్ని నమ్మకుండా టేపు పెట్టి కొలవండి. పదును చూడటానికి ఒక సన్నని ఇనప కడ్డీ, ఒక కిలో తూకం రాయి చాలు. మొదలు, మధ్య, చివర అని మూడు చోట్ల, ప్రతి చోటా గుర్రం నడిచే దారిలోనే, ఎత్తు మార్చకుండా మూడుసార్లు వేసి ఎంత దిగిందో రాయండి. మొదటి పరుగుకి ముందు ఒకసారి, ఆఖరి పరుగు అయ్యాక ఇంకోసారి. కడ్డీ ఎక్కడైనా మిగతా చోట్ల కంటే బాగా లోతుకి దిగిపోతే, పరుగు మొదలుపెట్టకముందే నిర్వాహకులకి చెప్పండి. గుర్రం కాలు విరిగేది అలాంటి చోటే.