అరుదైన పాత గేమ్ కార్ట్రిడ్జుల సేకరణ: ముందు స్క్రూడ్రైవర్, తర్వాతే కార్ట్రిడ్జ్

పాత వీడియో గేమ్ కార్ట్రిడ్జులు (ఆట ఆడే యంత్రం, అంటే కన్సోల్‌లో దూర్చే ప్లాస్టిక్ డబ్బాలు) సేకరించాలనుకుంటే ముందుగా ఒక 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్ (వాటి ప్రత్యేక స్క్రూలను విప్పేది) కొనండి. నింటెండో ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండో, నింటెండో 64, గేమ్ బాయ్, సెగా మెగా డ్రైవ్ కార్ట్రిడ్జులను బిగించేది ఎక్కువగా ఈ సైజు స్క్రూలతోనే. దీని అన్న 4.5 మిల్లీమీటర్లది. అది కొన్ని కన్సోళ్లు విప్పడానికి పనికొస్తుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జుకు మూడు రెక్కల ట్రై-వింగ్ బిట్ కావాలి. మొదట్లో వచ్చిన ఎన్‌ఈఎస్ కార్ట్రిడ్జులు కొన్నిటికి అయిదు మామూలు ఫ్లాట్ స్క్రూలు ఉంటాయి. జపాన్ ఫామికామ్ (అక్కడి ఎన్‌ఈఎస్) కార్ట్రిడ్జులకు చాలావాటికి అసలు స్క్రూలే ఉండవు, ప్లాస్టిక్ కొక్కేలతో బిగిస్తారు. ఆత్రంగా తెరిస్తే ఆ కొక్కేలు విరుగుతాయి.

స్క్రూడ్రైవర్‌కు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, నకిలీని పట్టించేది లోపలి బోర్డే. లేబుల్‌ను ఇంట్లో ప్రింటర్‌తో కొట్టొచ్చు, ప్లాస్టిక్ డొల్లను కొత్తగా పోత పోయొచ్చు. లోపలి బోర్డును మాత్రం అచ్చంగా అలాగే చేయడం కష్టం, పైగా నకిలీలు చేసేవాళ్లకు గిట్టుబాటు కాదు. పైన పటారం లోపల లొటారం అన్న మాట ఈ సరుకుకు అతికినట్టు సరిపోతుంది. ఖరీదైన కార్ట్రిడ్జును లోపల చూడకుండా కొనొద్దు. దూరం నుంచి తెప్పించుకుంటుంటే, విప్పి బోర్డు రెండు వైపులా ఫోటో తీసి పంపమని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు పంపుతారు. పంపనంటే ఆ బేరం వదిలేయండి.

ఏది అరుదు, ఏది పాత

పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. 1982లో అటారీ 2600 కోసం వచ్చిన ఈ.టీ. గేమ్‌ను అమ్ముడుపోయే దానికంటే చాలా ఎక్కువగా తయారు చేశారు. మిగిలిపోయిన సరుకులో కొంత 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తకుప్పలో పూడ్చిపెట్టారు, 2014లో తవ్వి తీశారు. తవ్వకంలో దొరికిన ప్రతుల సంగతి వేరు. మామూలు ఈ.టీ. కార్ట్రిడ్జ్ ఇప్పటికీ చవకగానే దొరుకుతుంది.

నిజంగా అరుదైనదానికి లెక్క ఉంటుంది. 1990 నింటెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పోటీ కార్ట్రిడ్జులు బూడిద రంగువి 90, బంగారు రంగువి 26 మాత్రమే. 1987లో బాండై తెచ్చిన స్టేడియం ఈవెంట్స్‌ది ఇంకో దారి. ఆ గేమ్ హక్కులు నింటెండో చేతికి వచ్చాక, అదే ఆట వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్ అన్న పేరుతో కొత్త లేబుల్‌తో మళ్లీ వచ్చింది. ఆట దాదాపు ఒకటే అయినా, కొత్త పేరుతో ఉన్నది ఎవరైనా కొనగలరు, పాత పేరుతో ఉన్నది దొరకడమే గగనం. సూపర్ నింటెండో ఎర్త్‌బౌండ్ ఈ రెండింటికీ భిన్నం. అమ్మకానికి ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, కానీ కావాలనేవాళ్లు అంతకంటే ఎక్కువ, అందుకే ధర దిగదు. తక్కువ ప్రతులు ఉన్నవీ, గిరాకీ ఎక్కువ ఉన్నవీ వేర్వేరు అన్న సంగతి మొదట్లోనే పట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

చాలామంది పట్టించుకోనిది పెట్టె. ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండో, నింటెండో 64, గేమ్ బాయ్ ఆటలు అట్టపెట్టెల్లో వచ్చేవి. పిల్లలు వాటిని చించి పారేశారు. అందుకే కొన్ని ఆటలకు కార్ట్రిడ్జ్ కంటే ఖాళీ పెట్టే ఎక్కువ ధర పలుకుతుంది. మెగా డ్రైవ్ ఆటలు మాత్రం ఎక్కువగా గట్టి ప్లాస్టిక్ కేసుల్లో వచ్చాయి, కాబట్టి అవి పెట్టెతో సహా దొరకడం తేలిక. పెట్టె, పుస్తకం అన్నీ కలిపి కావాలనుకునే కొత్తవాళ్లకు సెగా మంచి దారి.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఒక్క కన్సోల్, అందులోనూ ఒక చిన్న కోవ ఎంచుకోండి. ఒకే కంపెనీ చేసిన గేమ్ బాయ్ ఆటలు, లేదా ఒకే జానర్‌కు చెందిన నింటెండో 64 ఆటలు, అలాగ. ఉత్తర అమెరికాలో నింటెండో 64 ఆటలు మొత్తం 296, కాబట్టి పూర్తి సెట్ అన్నది కొన్నేళ్లలో చేరుకోగల మాటే. 1995లో వచ్చిన వర్చువల్ బాయ్‌కి ప్రపంచం మొత్తం మీద 22 ఆటలే, కానీ వాటిలో చివరి కొన్ని చుక్కలు చూపిస్తాయి. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్, గేమ్ బాయ్ అడ్వాన్స్‌లకు రీజియన్ లాక్ లేదు. ఏ దేశం కార్ట్రిడ్జ్ అయినా ఏ దేశపు యంత్రంలోనైనా ఆడుతుంది. మిగతావాటిలో చాలావాటితో ఈ సుఖం లేదు. ఫామికామ్‌కి 60 పిన్నులు, ఎన్‌ఈఎస్‌కి 72. ఒకదానిది మరొకదానిలోకి దూరనే దూరదు.

ధర తెలుసుకోవాలంటే అమ్మేవాళ్లు అడుగుతున్న రేటు చూడొద్దు, ఈబేలో నిజంగా అమ్ముడైన రేట్లు చూడండి. చివరి అయిదారు అమ్మకాలు తీసుకుని, మరీ ఎక్కువదీ మరీ తక్కువదీ వదిలేసి మధ్యవాటితో అంచనా కట్టండి. లూజ్ అంటే ఒట్టి కార్ట్రిడ్జ్, సీఐబీ అంటే పెట్టె, పుస్తకంతో సహా పూర్తిగా ఉన్నది. ఈ రెండిటి ధరలూ ఎప్పుడూ కలపొద్దు. సీల్ తీయని ఆటల జోలికి మొదట్లో వెళ్లొద్దు. 2021 జులైలో సీల్ ఉన్న ఒక సూపర్ మారియో 64 వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. అటువంటి వార్తలు వచ్చాక సీల్ అన్న మాట ఉంటే చాలు, రేటు పెంచేస్తున్నారు. ప్లాస్టిక్ కవరు మళ్లీ చుట్టి అమ్మడం పెద్ద విద్యేమీ కాదు. పైగా సీల్ ఉన్నంతవరకు లోపలిదేమిటో మీరు చూడలేరు.

నకిలీని పట్టుకోవడం

గేమ్ బాయ్ కుటుంబం కార్ట్రిడ్జుల లేబుల్ మీద రెండంకెల సంఖ్య, ఒక్కోసారి దాని పక్కన ఒక అక్షరం, సిరా లేకుండా అదిమి ఉంటుంది. నేరుగా చూస్తే కనపడదు. దీపం వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుని మెల్లగా వంచితే నీడలో తేలుతుంది. కొన్ని అసలువాటిలో ఈ అచ్చు బాగా పలచగా ఉంటుంది, కాబట్టి అది లేదని వెంటనే కొట్టేయకుండా తర్వాతి పరీక్షకు వెళ్లండి. గేమ్ బాయ్ అడ్వాన్స్‌వైతే విప్పక్కర్లేకుండానే, పిన్నులున్న నోట్లోకి తొంగి చూడండి. పిన్నులకు కాస్త పైన బోర్డు మీద నింటెండో అన్న అక్షరాలు ఉండాలి.

పోకెమాన్ ఆటలకు నకిలీలు ఎక్కువ. రూబీ, సఫైర్, ఎమరాల్డ్ మూడూ వెలుతురుకు పెడితే లోపల కనిపించే పారదర్శక డొల్లలు, వాటిలో గడియారం కోసం బ్యాటరీ ఉంటుంది. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లలో బ్యాటరీ ఉండకూడదు. ఫైర్‌రెడ్ విప్పితే బ్యాటరీ కనిపించిందంటే ఇంకేమీ చూడక్కర్లేదు, అది నకిలీ.

విప్పాక చూడాల్సింది చిప్‌లు. అసలు చిప్ నలుపు చతురస్రమో దీర్ఘచతురస్రమో, దాని మీద శుభ్రంగా అచ్చయిన అక్షరాలు. వాటిలో నాలుగంకెల తేదీ కోడ్ వెతకండి. 9541 అంటే 1995లో 41వ వారం. ఒకే బోర్డు మీది చిప్‌ల తేదీలు సాధారణంగా కొన్ని నెలల తేడాలో ఉంటాయి. 1992 నాటి ఆటలో ఒక చిప్ 2008 సంవత్సరానిదని కోడ్ చెబుతుంటే అక్కడితో సంగతి తేలిపోయినట్టే. బోర్డు మీద కంపెనీ పేరు, సంవత్సరం, బోర్డు నంబరు అచ్చయి ఉండాలి. చిప్ ఉండాల్సిన చోట నల్లటి తారుముద్దలాంటి ఎపాక్సీ చుక్క ఉంటే అనుమానించండి. పాత ఫామికామ్ ఆటలు కొన్నిటిలో అసలువాటికీ ఆ ముద్ద ఉంటుంది, సూపర్ నింటెండోలో మాత్రం అది మంచి శకునం కాదు.

నకిలీ కార్ట్రిడ్జ్ వల్ల పోయేది డబ్బొక్కటే కాదు. పాత యంత్రాలు చాలావరకు 5 వోల్టులతో నడుస్తాయి. చవక నకిలీల్లో 3.3 వోల్టుల ఫ్లాష్ చిప్‌ను మధ్యలో వోల్టేజ్ మార్చే భాగం లేకుండా నేరుగా కలిపేస్తారు. చిప్ వేడెక్కుతుంది, కన్సోల్ మీద భారం పడుతుంది.

శుభ్రం చేయడం

నోటితో ఊదొద్దు. ఊపిరిలోని తేమ పిన్నుల మీద చేరి తుప్పు తెస్తుంది. ఊదాక ఆట వచ్చిందంటే అది గాలి మహిమ కాదు, తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు కొత్తచోట ఆనాయి, అంతే.

90 శాతం పైన, వీలైతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు తీసుకోండి.

1. కార్ట్రిడ్జ్ విప్పి బోర్డు బయటకు తీయండి. గేమ్ బాయ్‌దైతే స్క్రూ తీశాక ముందు పలకను రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి జరిపి ఎత్తాలి, పైకి లాగితే విరుగుతుంది.
2. దూదిని ఆల్కహాల్‌తో తడపండి, కారేంతగా వద్దు. పిన్నుల నిడివి వెంట రుద్దండి. అడ్డంగా రుద్దితే మురికి పిన్నుల సందుల్లోకి పోతుంది, దూది పీచు చిక్కుకుంటుంది.
3. రెండు వైపులా చేయండి. దూది నల్లబడడం ఆగేదాకా కొత్త పుల్ల మారుస్తూ ఉండండి. బాగా మురికిపట్టినదానికి ఆరేడు పుల్లలు పడతాయి.
4. పొడి పుల్లతో తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి బిగించండి.

మొండి మచ్చ ఉంటే మెత్తటి తెల్ల ఎరేజర్‌తో తేలిగ్గా రుద్ది మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. ఇత్తడి పాలిష్, గరుకు కాగితం దగ్గరికి రానివ్వొద్దు. పిన్నుల మీది బంగారు పూత చాలా పలుచన. అది లేచిపోతే కింది లోహం బయటపడి, మెరిసినట్టే మెరిసి కొన్నాళ్లకే నల్లబడుతుంది. కన్సోల్ స్లాట్ కూడా శుభ్రం చేయకపోతే ఈ శ్రమంతా వృథా, ఆ మురికి మళ్లీ దీనికే అంటుకుంటుంది.

బ్యాటరీ

సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే వీలు) ఉండే పాత కార్ట్రిడ్జుల్లో చాలావాటికి లోపల 3 వోల్టుల నాణెం బ్యాటరీ ఉంటుంది. అది పోతే సేవ్ పోతుంది. అన్నిటికీ ఉండదు: నింటెండో 64లో ఒకారినా ఆఫ్ టైమ్‌కి బ్యాటరీ ఉంది, సూపర్ మారియో 64కి లేదు. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో గడియారం కూడా అదే బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి అవి త్వరగా అయిపోతాయి. రూబీ, సఫైర్‌లలో బ్యాటరీ అయిపోయినా సేవ్ ఉంటుంది, గడియారమే ఆగుతుంది.

మల్టీమీటర్‌తో కొలవండి. 2.5 వోల్టులకు దిగితే వెంటనే మార్చాలి. 2.9 చూపించిందని నిశ్చింతగా ఉండొద్దు. లిథియం బ్యాటరీ వోల్టేజ్ తన ఆయుష్షంతా దాదాపు ఒకేలా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది.

బ్యాటరీ తీయగానే అందులోని సేవ్ చెరిగిపోతుంది. అది కావాలంటే ముందే కార్ట్రిడ్జ్ రీడర్‌తో కంప్యూటర్‌లోకి దించుకోండి. గేమ్ బాయ్‌కి జీబీఎక్స్‌కార్ట్ ఆర్‌డబ్ల్యూ లాంటివి దొరుకుతాయి. పాతదాని మీద ఏ నంబరుంటే అదే కొనండి, సాధారణంగా సీఆర్1616, సీఆర్2025, సీఆర్2032 వీటిలో ఒకటి ఉంటుంది. లోహపు రెక్కలు ముందే అతికించినదే కావాలి. నాణెం బ్యాటరీ మీద నేరుగా సాల్డర్ చేయొద్దు, వేడికి అది పేలగలదు. టేపు వేసి అదిమిపెట్టే పద్ధతి కూడా వద్దు, చిన్న కుదుపుకే తాకిడి తప్పి సేవ్ పోతుంది. సాల్డరింగ్ ఐరన్ 320 నుంచి 350 డిగ్రీల మధ్య ఉంచి, ఒక్కో చోట మూడు సెకన్లకు మించి ఆనించకండి. ఎక్కువసేపు పెడితే బోర్డు మీది రాగి ప్యాడ్ ఊడొస్తుంది, దాన్ని బాగుచేయడం కొత్తవాళ్ల వల్ల కాదు. పాత బ్యాటరీ తీసేముందు ప్లస్ ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి. మార్చాక ఆట సేవ్ చేసి, పది నిమిషాలు ఆపి మళ్లీ పెట్టి చూడండి. సాల్డరింగ్ కొత్తయితే, ముందు ఏ విలువా లేని క్రీడల ఆట బోర్డు మీద చేయి తిప్పుకోండి.

దాచిపెట్టడం

ఎండ తగిలితే లేబుల్ రంగు వెలుస్తుంది, బూడిద రంగు డొల్ల పసుపెక్కుతుంది. నిప్పు అంటుకోకుండా ఆ ప్లాస్టిక్‌లో కలిపిన బ్రోమిన్ పదార్థాలు అతినీలలోహిత కిరణాలకు, వేడికి మారిపోవడం దీనికి ఒక కారణమని చెబుతారు. పెరాక్సైడ్‌తో తెల్లగా చేసే పద్ధతి ఉంది కానీ పసుపు మళ్లీ తిరిగొస్తుంది, లేబుల్ పాడవుతుంది. అరుదైనదాన్ని పసుపుగానే ఉండనివ్వండి.

గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. మూసిన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. పెట్టెలకు పీఈటీ ప్లాస్టిక్ కవచాలు వాడండి. పీవీసీ మెత్తబడి అచ్చుకు అంటుకుంటుంది. రబ్బరు బ్యాండు ఎప్పుడూ చుట్టొద్దు, కరిగి మరక చేస్తుంది. లేబుల్ మీది ధర చీటీని గోటితో గీకకుండా, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడితో వెచ్చబెట్టి మూలనుంచి మెల్లగా లాగండి.

ప్రతి కార్ట్రిడ్జుకూ ఒక వరుస రాసుకోండి: పేరు, ప్రాంతం, బోర్డు నంబరు, చిప్ తేదీ, కొన్న ధర, తేదీ, బ్యాటరీ మార్చిన సంవత్సరం, చివరిసారి చూసిన వోల్టేజ్. బోర్డు ఫోటోలు కూడా అక్కడే ఉంచండి, ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే కొనేవాళ్లు ముందుగా అడిగేది అవే. ఏడాదికోసారి అన్నిటినీ కన్సోల్‌లో పెట్టి సేవ్ తెరుచుకుంటోందో లేదో చూడండి, వోల్టేజ్ మళ్లీ కొలిచి పాత అంకె పక్కన రాయండి. పోయినేడు కంటే అంకె దిగుతున్నవాటి పేర్ల పక్కన ఒక గుర్తు పెట్టి, ఆ ఏడాదే బ్యాటరీ మార్చేయండి.